ఆయాలకు, వ్యాన్ డ్రైవర్లకు పోక్సో, పోష్ ట్రైనింగ్ మీ దగ్గర ఎలా పెడుతున్నారు?

మారతహళ్లి_ప్రీస్కూల్:
అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ప్రీస్కూల్, డే కేర్ కలిపి నడిపే చోట కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. ఏటా స్టాఫ్‌కి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) మీద, పోష్ (పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల చట్టం) మీద ట్రైనింగ్ ఉంటుంది. బయటివాళ్లు వచ్చి ఇంగ్లీషులో స్లైడ్లు వేసి, సంతకాలు తీసుకుని వెళ్లిపోతున్నారు. టీచర్లకు సరే. మా ఆయాల్లో చాలామంది అనంతపురం, మదనపల్లె వైపువాళ్లు, మిగతావాళ్లు కన్నడంవాళ్లు. రోజంతా పిల్లల్ని చూసుకునేది వాళ్లే, ట్రైనింగ్‌లో ఒక్క ముక్క అర్థం కాకుండా కూర్చునేదీ వాళ్లే. ఈసారి తెలుగులో, కన్నడలో విడిగా పెట్టాలనుకుంటున్నాను. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

వైట్‌ఫీల్డ్_టీచర్:
మేం స్లైడ్లు పూర్తిగా తీసేశాం. పిల్లలతో మీరొక్కరే ఉండేది ఎప్పుడెప్పుడు అని ఆయాలనే అడిగాం. బాత్రూం, బట్టలు మార్చడం, మధ్యాహ్నం నిద్ర, తల్లిదండ్రులు లేటుగా వచ్చే సాయంత్రాలు, అన్నీ వాళ్లే చెప్పారు. ఒక్కోదానికి ఏం చేయాలో అక్కడే తేల్చుకున్నాం. బట్టలు మార్చేటప్పుడు తలుపు ఓరగా తీసి ఉండాలి. పక్క ఆయాకు చెప్పి వెళ్లాలి. “ఇప్పుడు నిక్కరు మారుస్తా నాన్నా” అని పిల్లాడికి ముందే చెప్పాలి. సొంతంగా కడుక్కోగలిగిన పిల్లల్ని కడుక్కోనివ్వాలి.

ఒక పెద్దావిడ లేచి, “బిడ్డ ఏడ్చుకుంటా వస్తే ఎత్తుకోవద్దా మేడం?” అని అడిగింది. ఎత్తుకోండి, నలుగురి ముందు ఎత్తుకోండి అన్నాం. ఈ భయం తీర్చకపోతే పడి దెబ్బ తగిలిన పిల్లను కూడా ముట్టుకోవడం మానేస్తారు. ట్రైనింగ్‌లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

కేఆర్‌పురం_నాన్న:
మా పాపది వ్యాన్‌లో చివరి స్టాప్. ఆఖరి బిడ్డ దిగేదాకా ఆయా దిగకూడదని తల్లిదండ్రులమంతా పట్టుబట్టి ఒప్పించాం. “నాకూ అదే మేలు సార్” అన్నాడు డ్రైవర్.

బెళ్లందూరు_హెచ్‌ఆర్:
పోష్ గురించి చెబుతాను. నేను ఇదివరకు చేసిన ఒక చోట, సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చేసిన హౌస్‌కీపింగ్ అమ్మాయిని “మీ ఏజెన్సీకి చెప్పుకో” అని పంపేశారు. ఇప్పటికీ కడుపు రగులుతుంది. 2013 చట్టం ప్రకారం ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లూ, రోజుకూలీకి చేసేవాళ్లూ ఉద్యోగులే. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఈ ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. తక్కువమంది ఉంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. యజమాని మీదే ఫిర్యాదైనా అక్కడికే వెళ్లాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలల వరకు గడువు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి.

ఆయాలకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. రాయడం రాకపోతే ఫిర్యాదు రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే. కమిటీవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో, కన్నడలో రాసి, ఆయాలు అన్నం తినే చోట అంటించండి. ప్రిన్సిపాల్ గది బయట అంటిస్తే అటువైపు వెళ్లి చదివే ధైర్యం ఎవరు చేస్తారు?

మారతహళ్లి_ప్రీస్కూల్:
థాంక్యూ అక్కా. ఇంకో సందేహం. పిల్లల విషయంలో ఆయాకు ఏదైనా అనుమానం వస్తే ముందు మేనేజ్‌మెంట్‌కే చెప్పాలి, మేం విచారించుకుంటాం అంటున్నారు మావాళ్లు.

కౌన్సెలర్_జయనగర్:
ఒప్పుకోకండి. పోక్సో, 2012 సెక్షన్ 19 ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద చెప్పకుండా ఉంటే ఏడాది వరకు. నిరూపించాల్సిన బాధ్యత ఆయాది కాదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. “నిజమేనా, సరిగ్గా చెప్పు” అని పిల్లను ఒక్కొక్కరూ పిలిచి అడగడం అన్నిటికంటే పెద్ద హాని. పిల్ల అన్న మాటలు అన్నట్టే, తేదీ, టైం వేసి రాసుకోవాలి. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పోలీసులు కూడా పిల్ల దగ్గరికి యూనిఫాంలో రాకూడదు, ఇంటి దగ్గరే మాట తీసుకోవచ్చు. ఇది తెలిస్తే తల్లిదండ్రులకూ సగం టెన్షన్ తగ్గుతుంది.

కోలార్_వ్యాన్_డ్రైవర్:
మేడం, మాకూ పెట్టండి. శనివారం సాయంత్రం మాత్రం వద్దు, వేరే ట్రిప్పులుంటాయి. పొద్దున పిల్లల్ని దించాక పదిన్నర నుంచి పన్నెండు దాకా ఖాళీగానే ఉంటాం.

మారతహళ్లి_ప్రీస్కూల్:
అలాగే అన్నా, పదిన్నరకే పెడతాను. కన్నడలో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.