ఫీల్డ్‌వర్క్: వారానికి రెండు రోజులా, ఊళ్లో ఆరు వారాల మకామా?

కాలవగట్టు:
సామాజికాభివృద్ధి, వనరుల నిర్వహణ పీజీ చదివే పిల్లల ఫీల్డ్‌వర్క్ మీద గుంటూరులో మళ్లీ అదే తగువు. తరగతులతో పాటు వారానికి రెండు రోజులు పంపాలా, ఆరు వారాలు ఊళ్లోనే ఉంచాలా? నా ఓటు మకాంకే. ఫిబ్రవరిలో ప్రత్తిపాడు వైపు చూడండి. మిరపకోతలకు ఆడవాళ్లు తెల్లారకుండానే ఆటో ఎక్కేస్తారు. తొమ్మిదింటి బస్సుకు బయల్దేరిన పిల్లలకు అరుగు మీద దొరికేది ముసలివాళ్లు, తీరికున్న మోతుబరులు. వాళ్లు చెప్పిందే ఊరి అభిప్రాయమని రికార్డులోకెక్కుతుంది.

బెజవాడబాబాయ్:
మకాం సరే, ఎప్పుడు పెడతారు? సెలవులు చూసుకుని ఏప్రిల్, మే నెలల్లోనే కదా! అప్పటికి డెల్టా కాలవలు కట్టేసి ఉంటాయి. రేపల్లె వైపు శివారు భూములకు నీళ్లెందుకు అందవో ఎండిన కాలవను చూసి ఏం తేలుస్తారండీ? వారానికి రెండు రోజులైతే నారుమళ్లూ చూస్తారు, కోతలూ చూస్తారు. బావుల్లో నీటిమట్టం మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవాలి. ఆరు వారాల్లో ఆ రెండూ ఎలా వస్తాయి?

శివారుఆయకట్టు:
బాబాయ్ గారి మాటకు ఓ లెక్క. పంటకాలవలో మలుపుల్లేని పది మీటర్లు కొలిచి, బత్తాయి వదిలి సెకన్లు చూడాలి. ఐదుసార్లు చేసి సగటు తీయాలి. గట్టుకు తగిలిన విడత లెక్కలోకి రాదు. 25 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 0.4 మీటర్లు. వెడల్పు 1.5, సగటు లోతు 0.4 మీటర్లు అయితే నీటి అడ్డుకోత వైశాల్యం 0.6 చదరపు మీటర్లు. వేగాన్నీ వైశాల్యాన్నీ గుణించి, మళ్లీ 0.85తో గుణిస్తే సెకనుకు 204 లీటర్లు, అంటే ఏడు క్యూసెక్కుల పైచిలుకు. 0.85 ఎందుకంటే అడుగు నీరు పైనీటి కంటే నెమ్మది. పిల్లలు మరిచేది ఇదే. కాలవ తల దగ్గరా, శివార్లోనూ ఒకే రోజు కొలవాలి. దీనికి మకాం అక్కర్లేదు.

కాలవగట్టు:
పగలు ఏడు క్యూసెక్కులు సరే. రాత్రి తూము ఎత్తిందెవరు, దించిందెవరు? కాలవ కాపలా చూసే లస్కరు రికార్డులో అది ఉండదు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలొచ్చాయి గానీ, నోటిమాట కౌలు చేసేవాడు సంఘం లెక్కలోకే రాడు. వాడి గోడు రాత్రి భోజనాలయ్యాకే వినిపిస్తుంది.

లాంరోడ్డు:
ఇద్దరూ నీళ్లలోనే ఉండిపోయారు. ఊరివాళ్ల చేతే గీయించే ఊరి పటం సంగతేంటి? రామాలయం ముందు ముగ్గుపిండితో గీయిస్తే ఎస్సీ కాలనీ ఓ మూల చిన్న గీతైపోతుంది. పేటపేటకూ విడిగా, ఆడవాళ్లతో వేరుగా గీయించాలి. తర్వాత పటంలోని ఇళ్లను ఇంటిపన్ను రిజిస్టరుతో పోల్చాలి. పెద్ద తేడా వస్తే ఏదో పేట జారిపోయినట్టే. చెరిగేలోపు చార్టు మీదకు ఎక్కించడం మరవొద్దు. ఒక్క పేటకే పూట పడుతుంది. రెండు రోజుల బాపతు పిల్లలు చివరి బస్సు కోసం సగంలో లేస్తారు.
అయినా ఆరు వారాలూ ఒక్కసారే ఎందుకండీ? నీళ్లొదిలాక నాట్లప్పుడు మూడు, మిరపకోతలప్పుడు మూడు వేయండి.

బెజవాడబాబాయ్:
అలాగైతే నాకూ సమ్మతమే. ఆడపిల్లలకు ఊళ్లో బస, మరుగుదొడ్డి ముందు చూసిపెట్టండి. సెమిస్టరు పరీక్షల తేదీలు మాత్రం నాట్లను చూసి వేయరు, ఆ ముడి ఎవరు విప్పుతారో చెప్పండి.