పాత ఇత్తడి పంపు స్టవ్: గాలి పట్టడం లేదు, పిడి పైకి లేస్తోంది

కొండదారి:
కాళ్లు, బర్నరు విప్పి డబ్బాలో సర్దుకునే ప్రైమస్ 96 కిరసనాయిలు స్టవ్ ఒకటి దొరికింది. ట్యాంకుకు నొక్కులు లేవు. లోపల కిరసనాయిలు ఎండి జిగురు కట్టింది. పంపు కొడితే చేతికి బరువు తెలియడం లేదు. కాస్త గాలి పట్టినా పిడి దానంతటదే పైకి లేస్తోంది. బయట నల్లబడింది, తోమేయవచ్చా? క్యాంపుల్లో వాడాలని ఉందండి.

పాతఇత్తడి:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలండి. బరువు తెలియడం లేదంటే పంపు కడ్డీ చివరి తోలు వాచరు ఎండి ముడుచుకుపోయింది. దాన్ని విప్పి మెషిన్ ఆయిల్‌లో ఒక రాత్రి నానబెట్టి, వేలితో అంచు బయటికి విప్పార్చండి. బిగించేటప్పుడు గిన్నెలా ఉండే ఆ వాచరు మూతి కిందికి, అంటే ట్యాంకు వైపు ఉండాలి. తిరగేస్తే ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు. కొబ్బరినూనె వాడకండి, చలికి గడ్డకడుతుంది.

పిడి లేస్తోందంటే పంపు గొట్టం అడుగున ఉన్న వాల్వు పట్టు వదిలేసింది. అందులో చిన్న స్ప్రింగు, దాని కొసన బెండు ముక్క ఉంటాయి. బెండు పెళుసైపోతే గాలి, దాని వెంట కిరసనాయిలు గొట్టంలోకి ఎదురు వస్తాయి. వెలుగుతున్న స్టవ్‌కు ఇది చాలా ప్రమాదం. బెండు తీసి అదే కొలతకు నైట్రైల్ రబ్బరు కోసి పెట్టండి. వాల్వు విప్పడానికి సరిపోయే పానాయే కావాలి. స్క్రూడ్రైవరుతో తిప్పితే గాడి అరిగి ఇక ఊడిరాదు. బిగుసుకుపోయి ఉంటే పానాను వైస్‌లో బిగించి ట్యాంకునే తిప్పండి.

టంకంపని:
తోమే ముందు ఆగండి. అమ్మోనియా ఉన్న మెటల్ పాలిష్ ఈ ట్యాంకులకు పనికిరాదు. అచ్చులో సాగదీసిన ఇత్తడిలో ఒత్తిడి మిగిలి ఉంటుంది, అమ్మోనియా తగిలితే అక్కడే చీలుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో పగిలింది ఇందుకే.

లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకు లోపలా బయటా 20 నిమిషాలు ఉంచితే చాలు. ఎక్కువసేపు ఉంచితే పైపైన జింకు కరిగి రంగు గులాబీకి తిరుగుతుంది. చింతపండుకైనా ఇదే లెక్క. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి ఆరబెట్టండి. ముద్రించిన అక్షరాల మీద పీచు, ఇసుక కాగితం పెట్టొద్దు. 1911 నుంచి ప్రైమస్ స్టవ్‌ల తయారీ ఏడాదిని అక్షరంతోనే గుర్తించారు, అది అరిగితే మళ్లీ రాదు.

నీలిమంట:
బర్నరు సంగతి నేను చెప్తాను. లోపలి దారుల్లో మసి గట్టిపడి ఉంటుంది. నిపుల్ (ఆవిరి చిమ్మే సన్న రంధ్రం ఉన్న ముక్క) తీసేసి, బర్నరును విడిగా మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచండి. మసి పొలుసులుగా రాలుతుంది. రెండు మూడుసార్లు చేసి, సన్నని తీగతో దారులు గుచ్చండి. ఈ సైజుకు నిపుల్ రంధ్రం సాధారణంగా 0.28 మి.మీ. లీటరు స్టవ్‌లకు 0.32. లావు పిన్నుతో పొడిచి రంధ్రం పెద్దదైతే ఎంత వేడెక్కినా మంట పసుపుగానే వస్తుంది, అప్పుడు నిపుల్ మార్చాల్సిందే. బర్నరు కింది సీసపు వాచరు కొత్తది వేయండి, పాతది మళ్లీ నొక్కుకోదు.

కొండదారి:
థాంక్సండి. వాల్వు, తోలు మార్చాను. గాలి కొట్టి నీళ్లలో ముంచితే ట్యాంకు అడుగు అతుకు దగ్గర బుడగలు వస్తున్నాయి. ఎపాక్సీ పెట్టనా? కిరసనాయిలు దొరకనప్పుడు పెట్రోలు పోయవచ్చా?

టంకంపని:
ఎపాక్సీ వద్దు. వేడికి, పీడనానికి వదిలేస్తుంది. అతుకే లీకైతే పాత టంకం శుభ్రంగా తీసి మళ్లీ టంకం పెట్టించండి. దానికి ముందు సబ్బునీళ్లతో ట్యాంకును పలుమార్లు కడగాలి. లోపల ఆవిరి మిగిలి ఉండగా మంట చూపిస్తే పేలుతుంది. బుడగలు అతుకు నుంచి కాక రేకులో చీలిక నుంచి వస్తే ఆ ట్యాంకును ఇక వెలిగించకండి.

పెట్రోలు అసలు వద్దు. ఇది కిరసనాయిలుకే కట్టిన స్టవ్. ట్యాంకు వేడెక్కినకొద్దీ పెట్రోలు ఆవిరితో పీడనం అదుపు తప్పుతుంది, దీనికి సేఫ్టీ వాల్వు లేదు.

నీలిమంట:
మొదటిసారి ఆరుబయటే వెలిగించండి. కిరసనాయిలు ముప్పావు వంతు మించొద్దు. ట్యాంకులోని గాలి వదిలే స్క్రూ తెరిచి ఉంచి, బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ నిండా పోసి వెలిగించండి. అది ఆరబోతుండగా స్క్రూ మూసి, రెండు మూడుసార్లే కొట్టండి. నీలం మంట నిలకడగా వచ్చాక మిగతా గాలి కొట్టాలి. పసుపు మంట ఎగసిందంటే బర్నరు ఇంకా వేడెక్కలేదు. వెంటనే స్క్రూ వదిలి, పూర్తిగా ఆరి చల్లారాక మళ్లీ స్పిరిట్‌తో మొదలుపెట్టండి.