రేడియోలో కొత్త వాల్యూమ్ పాట్ వేశాక పిసరంత తిప్పగానే ఫుల్ సౌండ్, ఎందుకలా?

ప్రశ్న:
అన్నలూ, చిన్న హెల్ప్. పాత ట్రాన్సిస్టర్ రేడియోలు మూడు కలిపి ఒక సౌండ్ ఆర్ట్ పీస్ చేస్తున్నా, చూడ్డానికి వచ్చినవాళ్ళే నాబ్‌లు తిప్పుతుంటే స్టేషన్ల మధ్య వచ్చే గరగర, ఈలలు అన్నీ కలిసి వినపడాలి, అదీ ఐడియా. పాత వాల్యూమ్ కంట్రోళ్ళు కర్‌కర్‌మంటున్నాయని ఒకదాంట్లోది పీకేసి కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కొత్త 10కె (10 వేల ఓమ్‌ల) పాట్, అదే పొటెన్షియోమీటర్, వేశా. టంకం బానే పడింది, కానీ సున్నా నుంచి కొంచెం కదపగానే చెవులు చిల్లులు పడే సౌండ్, ఆ తర్వాత చివరిదాకా తిప్పినా పెద్ద తేడా లేదు. పాట్ పోయిందా, నేనే కాళ్ళు తప్పు కలిపానా?

జవాబు:
రెండు చివరి కాళ్ళు తిరగబడితే వాల్యూమ్ ఎడమవైపుకి పెరిగేది తమ్ముడూ, కాబట్టి అది కాదు. పాట్ మీద ఏం రాసుందో చూడు. బి10కె అయితే అది లీనియర్, అంటే తిప్పినంత మేర రెసిస్టెన్స్ సమానంగా పెరిగేది, నీకు కావాల్సింది ఏ10కె, అంటే లాగ్. చెవికి సౌండ్ మెల్లగా పెరిగినట్టు అనిపించాలంటే సిగ్నల్ రెట్లు రెట్లుగా పెరగాలి, అందుకే వాల్యూమ్‌కి వేసే పాట్ సగం తిప్పినా రెసిస్టెన్స్ పదో వంతు, ఏడో వంతు దాకానే పెరిగేలా చేస్తారు. పాత యూరప్ పాట్‌ల మీద ఈ అక్షరాలు తారుమారుగా కూడా ఉంటాయి, అందుకని పాట్ బయటికి తీసి నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి, మధ్య కాలికీ గ్రౌండ్ వైపు కాలికీ మీటర్ పెట్టు. 5కె దగ్గర చూపిస్తే లీనియర్, 1కె, 1.5కె చూపిస్తే లాగ్. తీసేటప్పుడు ఐరన్ ఎక్కువసేపు ఆనించకు, ఆ పాత బోర్డుల మీద రాగి ట్రాక్ పొరలా లేచొచ్చేస్తుంది (నేను రెండు బోర్డులు అలాగే తగలేశా).

ప్రశ్న అడిగినతను:
బి10కె నే అన్నా. మధ్యలో 4.9 చూపిస్తోంది. షో శనివారం, మళ్ళీ కోఠి వెళ్ళే టైం లేదు. దీంతోనే ఏమన్నా చెయ్యొచ్చా?

జవాబు:
మధ్య కాలికీ గ్రౌండ్ కాలికీ 1.5కె రెసిస్టర్ ఒకటి అంటించు. సగం తిప్పినప్పుడు కింద 5కె కి 1.5కె ప్యారలల్ అయ్యి 1.15కె అవుతుంది, పైన 5కె అలాగే ఉంటుంది, అంటే ఇందాక సగం వచ్చిన సిగ్నల్ ఇప్పుడు 19 శాతమే వస్తుంది. కాకపోతే ఫుల్‌లో పెడితే డిటెక్టర్ డయోడ్ (స్టేషన్ సిగ్నల్‌లోంచి సౌండ్‌ని విడదీసేది) మీద 1.3కె లోడ్ పడుతుంది, సౌండ్ తగ్గి కాస్త చిరుగుతుంది. షో గట్టెక్కాక ఏ10కె వేసెయ్. 100కె చేతికి దొరికింది కదా అని మాత్రం వెయ్యకు, చాలా సెట్లలో డిటెక్టర్‌కి లోడ్ ఆ వాల్యూమ్ పాట్‌యే.

ఇంకొకరు:
మిగతా రెండిట్లో పాట్‌లు అప్పుడే పీకకండి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఓ ఇరవైసార్లు తిప్పండి. అయినా కర్‌కర్ పోకపోతే, మధ్య కాలి నుంచి ఆంప్లిఫైయర్‌కి వెళ్ళే కెపాసిటర్ లీకవుతుండొచ్చు, అది మార్చకుండా ఎన్ని కొత్త పాట్‌లు వేసినా అదే గోల. అయినా మీ పనికి ఆ కర్‌కర్ కూడా సరుకే కదండీ. 1951లో అమెరికన్ కంపోజర్ జాన్ కేజ్ ఒక పీస్‌లో 12 రేడియోలకి 24 మందిని కూర్చోబెట్టాడు, ఒకరు స్టేషన్ తిప్పుతుంటే ఇంకొకరు వాల్యూమూ టోనూ.

ఈల కావాలంటే రెండు రేడియోలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో మీడియం వేవ్ మీద 1000 కిలోహెర్ట్జ్ పైన ఏదో ఒక స్టేషన్ పట్టి, రెండోదాన్ని దానికన్నా 455 తక్కువ దగ్గర మెల్లగా తిప్పితే, దాని ఆసిలేటర్ (ట్యూన్ చేసినచోటికన్నా 455 పైన సొంతంగా సిగ్నల్ పుట్టించే భాగం) మొదటిదాంట్లోకి దూరి ఈల జారుతూ వస్తుంది. ఒక్క జాగ్రత్త, పాత జర్మేనియం ట్రాన్సిస్టర్ల సెట్లలో చాలావాటికి ప్లస్సే గ్రౌండ్. మూడింటికీ ఒకే అడాప్టర్ ఇచ్చి, ఔట్‌పుట్‌లు ఒకే మిక్సర్‌కి కలిపారంటే షార్టే. జనం ముట్టుకునేవి కదా, దేని సెల్లులు దానికే పెట్టండి, కరెంటుతో నడిచే వాల్వు సెట్టు జోలికి అసలు పోకండి.

ప్రశ్న అడిగినతను:
1.5కె పెట్టా, ఇప్పుడు నాబ్ సగం దాటాకే సౌండ్ లేస్తోంది. మూడోది విప్పి చూస్తే ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, మీటర్ పెడితే ప్లస్సే గ్రౌండ్, మంచి టైంలో చెప్పారు, అడాప్టర్ అప్పటికే కొనేశా 😅 దాని పాట్‌కి క్లీనర్ కొట్టట్లేదు, మూడింట్లో కర్‌కర్ అదే బాగుంది.