చర్చ: కరువులో పెరిగినోళ్లు ఎనభై ఏళ్లు బతకడంలేదా? పసితనం తిండికీ ఆయుష్షుకీ లంకె ఎంత?

అనంత చేను: మొదటి వెయ్యి రోజుల (కడుపులో పడినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా) తిండిలోనే ఆయుష్షు ఉందని ఊరూరా చెప్తున్నారు. 1952 కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన పిల్లలే ఎనభైకి దగ్గరపడినా కళ్యాణదుర్గం పక్క చెనక్కాయ చేలల్లో కనబడతారు. మనుషుల్ని తీసుకుపోయేది బీడీ, సారాయి, మానేసిన బీపీ మాత్ర.

కర్నూలు పసిబిడ్డ: అన్నా, మీకు కనబడేది మిగిలినోళ్లే. ఏడాది నిండకనే విరేచనాలతో పోయిన బిడ్డలు మీ లెక్కలో లేరు. మైసూరు మిషన్ ఆస్పత్రిలో 1934 నుంచి రాసిపెట్టిన పుట్టిన బరువులు తీసి, వాళ్లు పెద్దయ్యాక వెతికి పరీక్షించారు. రెండున్నర కిలోలు, అంతకు తక్కువ పుట్టినోళ్లలో నూటికి 11 మందికి గుండెజబ్బు, 3.1 కిలోలు దాటినోళ్లలో 3 మందికి.

కడప లెక్కలు: అంకెలు సరే, కారణం తేలదు. ఆ బిడ్డ పుట్టిందీ లేమిలోనే, పెరిగిందీ లేమిలోనే. నెదర్లాండ్స్ సంగతి ఇంకా గట్టిది. 1944–45 చలికాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల ఉన్నోళ్లూ లేనోళ్లూ కలిసి పస్తులున్నారు. అప్పుడు కడుపులో తొలి మూడు నెలలు గడిపినోళ్లకు యాభై ఏళ్లకే గుండెజబ్బు ఎక్కువ. వాళ్ల పుట్టిన బరువు మాత్రం మామూలే! బరువొక్కటే చూస్తే చాలదు.

కర్నూలు పసిబిడ్డ: అందుకే తల్లి నుంచి మొదలుపెట్టాలంటాను. 1987–90లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణికి రోజూ సుమారు 500 కేలరీలు, 20–25 గ్రాముల ప్రొటీన్, ఆరేళ్లలోపు బిడ్డకు 300 కేలరీలు అందేలా ఉప్మా పెట్టారు. పక్క పల్లెలకు పథకం అప్పటికి రాలేదు. 13–18 ఏళ్లప్పుడు చూస్తే తిన్న పల్లెల పిల్లలు పక్క పల్లెలోళ్లకన్నా 14 మి.మీ. మాత్రమే ఎక్కువ పొడవు, కానీ రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. ఆయుష్షు తేలే వయసు వాళ్లకింకా రాలేదు, అది నిజం.

సన్నబిడ్డను రెండేళ్లు దాటాక బిస్కెట్లతో బొద్దుగా చేయడం మాత్రం వద్దు. ఢిల్లీలో పుట్టుక నుంచి కొలిచిన పిల్లల్లో, రెండేళ్లదాకా సన్నగా ఉండి తర్వాత ఒళ్లు చేసినోళ్లకే ముప్పై ఏళ్లకు షుగర్ ఎక్కువ. ఆరు నెలలు నిండగానే పల్చటి జావ కాదు, చెంచా వంచినా జారని ముద్ద పెట్టాలి: రాగి, పెసరపప్పు, కొంచెం నూనె, గుడ్డు.

అనంత చేను: సరే, ‘ఎదుగుదల లేదు’ అని రాసే కొలతల్లో తప్పులుండవా?

కడప లెక్కలు: ఉంటాయి. రెండేళ్లలోపు బిడ్డను నిలబెట్టి కొలిస్తే 0.7 సెం.మీ. పొట్టిగా తేలుతుంది. పడుకోబెట్టి ఒకరు తల, ఒకరు మోకాళ్లు పట్టాలి. తూకానికి బట్టలు, కడియాలు తీయాలి. కర్నూలు జిల్లా కోసిగి పక్క నుంచి గుంటూరు మిరపకోతకు పోయే ఇళ్లలో అసలు నెలల తరబడి కొలతే ఉండదు. బయల్దేరేముందే బిడ్డ పేరు పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీల ప్రభుత్వ యాప్) అక్కడి అంగన్‌వాడీకి మార్పించుకోవాలి.