వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లు ప్రయాణంలో స్థానికుల ఇంట్లో భోజనం ఎలా చేస్తున్నారు?

వచ్చే శనివారం రాత్రి 7 గంటలకు, మేం వెళ్తున్న ఊళ్లో ఒక కుటుంబం వాళ్లింటికి భోజనానికి పిలిచింది. మా ఆయనకు వేరుశనగ పడదు. తిన్న పది నిమిషాల్లోపే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఒకసారి ఊపిరాడక పరిస్థితి ఆసుపత్రిదాకా వెళ్లింది. అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను ఎప్పుడూ వెంటే ఉంటుంది. అయినా టెన్షనే.

అనువాద యాప్‌తో వాళ్ల భాషలో మెసేజ్ పెట్టాను. "మీకు చేసేవాటిలో వేయం" అన్నారు. వేరుశనగ బొమ్మ మీద అడ్డగీత పెట్టి పంపితే నవ్వు ఎమోజీ వచ్చింది. నా భయం కూరలో గింజల గురించి కాదు. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో అలర్జీ తెప్పించే ప్రోటీన్ దాదాపు ఉండదు కానీ గానుగ నూనెలో ఉంటుంది. వేయించినా ఆ ప్రోటీన్ పోదు. అదే మూకుడు, అదే గరిటె, పొడి కొట్టిన మిక్సీ జార్... ఇవన్నీ మెసేజ్‌లో ఎలా అడగాలి? అడిగితే వంటింటి తనిఖీలా ఉంటుంది. మా భోజనం మేమే తెచ్చుకుంటామంటే ఆ ఇంటావిడ నొచ్చుకున్నట్టు అనిపించి ఆ మాట వదిలేశాను.

మానేయమని మాత్రం చెప్పకండి, అది మాకూ తెలుసు.

ఇలాంటి తీవ్రమైన అలర్జీతో ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో తిన్నవారెవరైనా ఉంటే, నూనె, గిన్నెల సంగతి ఆతిథ్యమిచ్చేవాళ్లకు నొప్పించకుండా, స్పష్టంగా అర్థమయ్యేలా ఎలా చెప్పారు?