ఇంజన్ కట్టాక పవర్ వాల్వ్ పట్టేస్తోంది: బ్లేడ్ అరగదీయొచ్చా?

పొగబండి:
బండి 125 సీసీ టూ స్ట్రోక్, వాటర్ కూల్డ్. సిలిండర్ లోపలి గోడకు (బోర్‌కు) మళ్ళీ ప్లేటింగ్, అంటే గట్టి పూత, వేయించి, కొత్త పిస్టన్, రింగులతో ఇంజన్ కట్టాను. పవర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ రంధ్రం ఎత్తును ఆర్‌పీఎంను బట్టి మార్చే తలుపు; ఆర్‌పీఎం తక్కువుంటే మూసి, పెరిగితే తెరుచుకుంటుంది) బ్లేడ్ రకం, అంటే గాడిలో జారే పలక. సర్వో మోటారు కేబుల్‌తో లాగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కేబుల్ ఊడదీసి వేలితో తోస్తే బ్లేడ్ హాయిగా జారుతోంది. బాగా వేడెక్కాక మాత్రం పట్టేస్తోంది. తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు బాగానే ఉంది, ఊపు అందుకోవాల్సిన చోట గొంతు నొక్కినట్టు ఆగిపోతోంది. అంటే మూసిన స్థితిలోనే ఇరుక్కుంటోందన్నమాట. ప్లేటింగ్ వేసినవాళ్ళను అడిగితే "బ్లేడ్‌ని ఎమ్రీ పేపర్ మీద కాస్త రుద్దు, పోతుంది" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

బోర్‌గేజ్:
రుద్దండి, భయమేమీ లేదు. సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. బ్లేడ్ అంచుకు మాత్రం నేరుగా ఎగ్జాస్ట్ మంట తగులుతుంది. రెండూ అల్యూమినియమే అయినా బ్లేడ్ ఎక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ సాగుతుంది. 100 డిగ్రీలు పెరిగితే అల్యూమినియం మీటరుకు సుమారు 2.3 మిల్లీమీటర్లు సాగుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడ్ సిలిండర్ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి, దాదాపు 0.09 మిల్లీమీటరు పెరిగినట్టే. చల్లగా ఉన్నప్పుడు సందు అంతకంటే తక్కువుంటే వేడిలో పట్టక ఏం చేస్తుంది? బల్ల మీద ఫ్రీగా కదిలినంత మాత్రాన ఏమీ తేలదు.

పాతసిలిండర్:
లెక్క బాగుంది గురూ, కానీ ఒక్క ప్రశ్న. ఇంజన్ విప్పకముందు ఇదే బ్లేడ్ ఇదే గాడిలో పట్టేసిందా? పట్టలేదంటే బ్లేడ్ ఇప్పుడు కొత్తగా ఏమీ పెరగలేదు. మారింది సిలిండర్. మారనిదాన్ని ఎందుకు అరగదీయాలి?

పైగా బ్లేడ్ వదులైతే ఎగ్జాస్ట్ గ్యాస్ పక్క సందుల్లోంచి వెనక్కి తంతుంది. నూనె, మసి గాడిలోకి చేరి గట్టిపడతాయి. ఇవాళ వేడికి పట్టేసేది, కొన్నాళ్ళకు కార్బన్‌తో పట్టేస్తుంది. అప్పుడు కొత్త బ్లేడ్ కొనడమే గతి.

జెట్‌నీడిల్:
అసలు సంగతి ఎవరూ అడగట్లేదు. ఆయిల్ ఏది, ఎంత కలుపుతున్నారు? రిచ్ జెట్టింగ్ (గాలితో పోలిస్తే పెట్రోల్ ఎక్కువ పోయేలా కార్బ్యురేటర్ జెట్) పెట్టి నింపాదిగా తిప్పే బండ్లలో వాల్వ్ జిగురు పట్టడం ఎన్నిసార్లు చూశానో. 32:1 (32 పాళ్ళ పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) పోస్తుంటే 40:1 చేసి చూడండి.

పాతసిలిండర్:
జెట్‌నీడిల్ గారూ, జిగురు పట్టిన వాల్వ్ చల్లగా ఉన్నప్పుడు మొండికేస్తుంది, వేడెక్కితే మెత్తబడి కదులుతుంది. ఇక్కడ జరుగుతున్నది అందుకు పూర్తిగా ఉల్టా. ఆయిల్‌ని తిట్టుకోవడం అన్ని రోగాలకూ ఒకే మాత్ర వేయడమే. ఇంకోటి, ఆయిల్ తగ్గిస్తే అదే జెట్‌లోంచి పెట్రోల్ ఆ మేరకు ఎక్కువ పోతుంది, మిశ్రమం ఇంకాస్త రిచ్ అవుతుంది. మీరు వద్దంటున్నది అదే కదా!

జెట్‌నీడిల్:
ఆ తేడా ఎంతని? సరే, వేడిలో పట్టేయడం అన్న మాట సరిగ్గా చూసుకోలేదు, దీనికి ఆయిల్ కారణం కాకపోవచ్చు. కానీ బ్లేడ్ రాడ్ దగ్గర సీల్ కారితే నల్లటి జిడ్డు బయటికొస్తుంది. అదొక్కటి చూడమనండి.

సర్వోమోటారు:
పొగబండి తమ్ముడూ, వేలితో తోసి చూశానన్నావు. ఎప్పుడు చూశావు? సిలిండర్ బల్ల మీద ఉన్నప్పుడా, హెడ్, బేస్ నట్లు టార్క్‌కు (మాన్యువల్ చెప్పిన బిగువుకు) బిగించాకా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ సగం కేసులు ఇక్కడే తేలతాయి. నట్లు బిగిస్తే సిలిండర్ కొద్దిగా వంకరపోతుంది. వాల్వ్ కవర్ బోల్టులు ఒకవైపు ముందు బిగిస్తే బ్లేడ్ జారే గైడ్ వాలుతుంది. రెండు సిలిండర్లకూ కలిపి ఒకే వాల్వ్ షాఫ్ట్ ఉండే డ్రమ్ (జారకుండా గుండ్రంగా తిరిగే) రకాల్లో అయితే సిలిండర్లను ఒక వరసలో పెట్టకుండా బేస్ నట్లు బిగిస్తే షాఫ్ట్ మొదటిరోజే మొండికేస్తుంది. యమహా వైపీవీఎస్ (యమహా వారి పవర్ వాల్వ్ పేరు) 1983లో ఆర్‌డీ350ఎల్‌సీ మీద రోడ్డెక్కింది. అందులో ఇగ్నిషన్ ఆన్ చేయగానే సర్వో ఒకసారి వాల్వ్‌ని తెరిచి మూస్తుంది, మసి గీరుకుపోవడానికి. ఆ చప్పుడు సాగదీసినట్టు వినిపిస్తే ఎక్కడో బిగుసుకుంటోందని అర్థం. నీ బండి సర్వో కూడా అలా తిరిగేదైతే చెవి పెట్టి విను.

వర్క్‌బెంచ్:
నాదో ఉపాయం. సిలిండర్‌లో బ్లేడ్ పెట్టి మొత్తం ఓవెన్‌లో 100 డిగ్రీలకు వేడిచేసి కదిపి చూస్తే?

బోర్‌గేజ్:
దానివల్ల నా వాదన తేలదు. రెండూ ఒకే లోహమై ఒకేలా వేడెక్కితే గాడీ సాగుతుంది, బ్లేడూ సాగుతుంది, సందు తగ్గదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు తేడా వచ్చేది బ్లేడ్ ఒక్కటే ఎక్కువ వేడెక్కడం వల్ల.

పాతసిలిండర్:
అందుకే చేసి చూడాలంటాను. ఓవెన్‌లో కూడా పడితే బ్లేడ్ వేడి కారణం కాదని తేలిపోతుంది. పట్టకపోతే మీరన్నది నిజం కావచ్చు.

పొగబండి, ముందు ఈ పని చేయండి. బ్లేడ్ రెండు వైపులా, పక్క అంచుల మీదా మార్కర్ ఇంకు పూయండి. అన్నీ టార్క్‌కు బిగించి, వేడెక్కేదాకా నడిపి, విప్పి చూడండి. మంట తగిలే ముక్కు దగ్గర ఇంకు ఎలాగూ మాడిపోతుంది. వెనక భాగంలో ఎక్కడ రాసుకుపోయిందో చూడండి. అంతటా సమంగా పోయిందా, ఒక్క చోటేనా అన్నదే అసలు సమాధానం.

పొగబండి:
చూశాను. ఎడమ అంచున, సిలిండర్ బోర్‌కు దగ్గరగా ఉన్న కొసన మాత్రమే మెరుస్తోంది. మిగతా చోట ఇంకు అలాగే ఉంది. లైటు పెట్టి గాడి మూతి దగ్గర గోరుతో తడిమితే సన్నని గట్టులాంటిది తగిలింది.

పాతసిలిండర్:
దొరికింది. ప్లేటింగ్ వేసేటప్పుడు పొర గాడి మూతిలోకి కొంచెం పొంగింది. బోర్‌ని హోన్ చేశారు (రాళ్ళతో రుద్ది నునుపు చేశారు) కానీ గాడి అంచుని ఎవరూ పట్టించుకోలేదు. నునుపు సానరాయితో ఆ గట్టు ఒక్కటే తీయండి. రాయి జరిపే దిక్కు మాత్రం జాగ్రత్త: ఎప్పుడూ బోర్ వైపు నుంచి గాడిలోకే. లోపలి నుంచి బోర్‌లోకి జరిపితే ప్లేటింగ్ పెచ్చులూడుతుంది, సిలిండర్ మళ్ళీ పంపాల్సిందే. ఫైల్ అసలు పెట్టకండి.

బోర్‌గేజ్:
గట్టు ఉందని ఒప్పుకుంటాను. అది తీశాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి పక్క సందు కొలవండి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకె కంటే తక్కువుంటే మాత్రం నా మాట నా మాటే. గాడి వంగిపోయిన పాత సిలిండర్లకు బ్లేడ్ రుద్దడం తప్ప వేరే దారి లేదు.

పాతసిలిండర్:
కొలిచాక తక్కువని తేలితే నేనూ అడ్డు చెప్పను. కొలవకుండా ఎమ్రీ పేపర్ పట్టుకోవడమే నాకు పడదు.

పొగబండి:
గట్టు తీశాను. సందు మాన్యువల్ పరిధిలోనే ఉంది, బ్లేడ్ ముట్టుకోలేదు. వేడిలో కూడా కదులుతోంది, పైన ఊపు తిరిగొచ్చింది. బిగించేటప్పుడు బ్లేడ్‌కి గ్రీజు రాయాలా?

సర్వోమోటారు:
వద్దు, గ్రీజు మాడి గట్టిపడుతుంది. టూ స్ట్రోక్ ఆయిల్ పల్చగా రాస్తే చాలు. బ్లేడ్ పూర్తిగా మూసి ఉంచి, ప్లగ్ తీసి, క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడు. బ్లేడ్ ముక్కు బోర్‌లోకి ఏమాత్రం పొడుచుకొచ్చినా పిస్టన్‌కో రింగుకో తగులుతుంది. ఆ తర్వాతే కేబుల్‌ని గుర్తుకు కలిపి సెట్ చెయ్యి. ఇన్నాళ్ళూ ఇరుక్కున్న బ్లేడ్‌ని లాగి లాగి కేబుల్ సాగి ఉండొచ్చు, పాత సెట్టింగ్‌నే నమ్ముకోకు.