నాన్న పెన్షన్: 10డి కనిపించడం లేదు, 10సి నొక్కేయాలా?

దాసరహళ్లి అమ్మాయి:
పొద్దున పదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు మూడున్నర. అన్నం కూడా తినలేదు. మా నాన్నకు పీఎఫ్ పెన్షన్ పెట్టాలి. పోర్టల్‌లో లాగిన్ అవుతోంది, క్లెయిమ్ పేజీ దాకా వెళ్తోంది, కానీ అక్కడ ఫారం 31 (అడ్వాన్స్), 19 (పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి), 10సి (పెన్షన్ ఖాతా డబ్బు ఒకేసారి తీసుకోవడానికి) తప్ప ఇంకేమీ లేవు. పెన్షన్‌కు 10డి అంటారు కదా, అది ఎక్కడా లేదు. నాన్నకు 53 ఏళ్లు, మొత్తం సర్వీసు 17 ఏళ్లు. పదేళ్లు దాటితే పెన్షన్ వస్తుందని అందరూ అంటారు, మరి మాకెందుకు రాదు? మా పిన్ని కొడుకేమో 10సి నొక్కేసి ఉన్న డబ్బు తీసేసుకోమంటున్నాడు. పక్కింటి అంకుల్ 58 దాకా ఆగమంటున్నారు. బెంగళూరులో అద్దె, మందులు, ఏదీ ఆగదు కదా. ఇప్పుడే తీసుకోవాలా, ఆగాలా? తెలిసినవాళ్లు కాస్త తొందరగా చెప్పండి ప్లీజ్.

పీఎఫ్ కాగితాలు:
10సి నొక్కొద్దు. పాస్‌బుక్‌లో సర్వీసు ఎంత చూపిస్తోంది?

రిటైర్డ్ ఫోర్‌మన్:
అమ్మా, ముందు ఈ పెన్షన్ అంటే ఏమిటో తెలుసుకోండి. 1995 నవంబర్ 16న ఈ స్కీమ్ మొదలైంది. జీతం మీద కంపెనీ మన పేరున కట్టే 12 శాతంలోంచి జీతంలో 8.33 శాతం ఇందులోకి పోతుంది. జీతం ఎంత ఉన్నా 15,000 మీదే లెక్క కాబట్టి నెలకు 1,250 మించదు. కనీస పెన్షన్ 2014 సెప్టెంబర్‌లో వెయ్యి రూపాయలు చేశారు. ఇవాళ్టికీ అదే వెయ్యి. డీఏ లేదు, పెరగడం లేదు. ముప్ఫై ఏళ్లు మెషిన్ల దగ్గర నిలబడినవాడికి నెలకు గ్యాస్ సిలిండర్, పాల ప్యాకెట్ల ఖర్చు కూడా రాదు. 7,500 కావాలని ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నాం. మీ నాన్నగారి వయసువాళ్లు కూడా గొంతు కలపాలి.

లెక్కల మాస్టారు:
ఇప్పుడా, 58కా అన్నదానికి నా లెక్క ఇది. 50 దాటితే ముందే తీసుకోవచ్చు, కానీ 58కి తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. అది జీవితాంతం ఉంటుంది. పెన్షన్ లెక్క ప్రకారం జీతం 15,000ను సర్వీసు 17 ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే నెలకు 3,643. 53కే తీసుకుంటే అందులో దాదాపు అయిదో వంతు పోతుంది. అందుకని చాలామంది భయపడి ఆగుతారు. కానీ ఆగిన అయిదేళ్లూ చేతికి వచ్చేది సున్నా. ఆ అయిదేళ్లలో వదులుకున్న మొత్తాన్ని, తరువాత నెల నెలా వచ్చే ఆ కాస్త ఎక్కువతో రాబట్టుకోవాలంటే దాదాపు ఇరవై ఏళ్లు పడుతుంది, అంటే 78. పైగా ఈ పెన్షన్ పెరగదు కాబట్టి ఇవాళ్టి రూపాయికే విలువ ఎక్కువ. ఇంట్లో ఇబ్బంది ఉంటే ఇప్పుడే తీసుకోమంటాను నేను.

పీఎఫ్ కాగితాలు:
మాస్టారూ, 3,643 తప్పు. 2014 సెప్టెంబర్‌కు ముందు సర్వీసుకు 6,500 మీదే లెక్క. ఆ తరువాతి సర్వీసుకే 15,000. ఆమె ఇంకా నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

దాసరహళ్లి అమ్మాయి:
సారీ అన్నా, నాన్నకు మందు వేసి వచ్చాను. పాస్‌బుక్‌లో 9 ఏళ్ల 3 నెలలే ఉంది. ఇప్పటి కంపెనీలో 2016 జనవరి నుంచి 2025 మార్చి దాకా. అంతకుముందు ఇంకో ఫ్యాక్టరీలో 2005 నుంచి 2013 దాకా ఎనిమిదేళ్లు చేశారు. మధ్యలో ఊళ్లో వ్యవసాయం. ఆ ఎనిమిదేళ్లు పోర్టల్‌లో లేవు. అవి ఆటోమేటిక్‌గా కలవవా?

పీఎఫ్ కాగితాలు:
కలవవు. అప్పటికి యూఏఎన్, అంటే అన్ని ఉద్యోగాలకూ ఒకే పీఎఫ్ నంబర్, లేదు. తొమ్మిదిన్నరేళ్లు కూడా నిండలేదు కాబట్టే పోర్టల్ మీకు 10సి చూపిస్తోంది. ఆ ఫ్యాక్టరీ మానేసినప్పుడు డబ్బు తీసుకున్నారా? తీసుకుంటే ఏ ఫారం?

యలహంక మావయ్య:
ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న తల్లీ, జాగ్రత్తగా కనుక్కో. ఆ రోజుల్లో చాలామంది 19, 10సి రెండూ కలిపి సంతకం పెట్టి మొత్తం తీసేసుకునేవాళ్లు. అలా చేసి ఉంటే ఆ ఎనిమిదేళ్లు పోయినట్టే. ఒక్క 19 మాత్రమే పెట్టి ఉంటే పీఎఫ్ డబ్బు పోయినా పెన్షన్ సర్వీసు మిగిలి ఉంటుంది. నా విషయంలో పాత సర్వీసు చూపించే స్కీమ్ సర్టిఫికెట్ అనే కాగితం మా ఆవిడ దాచకపోతే నాకు పదకొండేళ్లు పోయేవి.

హిందూపురం రవ్వ:
అక్కా, మీది ఏ జిల్లా? రేషన్ కార్డు ఆంధ్రాలో ఉంటే అక్కడి పింఛనుకు అప్లై చేయండి. సదరం సర్టిఫికెట్ ఉంటే నెలకు 6,000 ఇస్తున్నారు. ఈ పీఎఫ్ పింఛను కంటే అదే నయం.

పీఎఫ్ కాగితాలు:
అది దివ్యాంగులకు. ఈయనకు అదెందుకు? రెండూ కలపొద్దు.

హిందూపురం రవ్వ:
పింఛను అంటే పింఛనే కదన్నా. మందులు అన్నారని చెప్పాను.

లెక్కల మాస్టారు:
అమ్మా, అసలు నాన్నగారు ఉద్యోగం ఎందుకు మానేశారు? 53కే అంటే కంపెనీ మూసేశారా?

దాసరహళ్లి అమ్మాయి:
పక్షవాతం వచ్చింది మాస్టారూ. ఫిబ్రవరి 11న. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పొద్దున పడుకున్నారు, లేవలేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా తడబడుతుంది. లేత్ మెషిన్ మీద పని ఆయనది. ఇక మెషిన్ ముట్టుకునే పరిస్థితి లేదు. అది పెన్షన్‌కు సంబంధం లేదనుకుని రాయలేదు.

పీఎఫ్ కాగితాలు:
సంబంధం ఉంది. మొత్తం దాని మీదే ఉంది.

యలహంక మావయ్య:
అయ్యో తల్లీ, మొదటే చెప్పాల్సింది ఇదే కదా. ఇప్పటిదాకా మేం చెప్పిన 4 శాతం కోత, 58 దాకా ఆగడం, అవన్నీ పక్కన పెట్టు. ఉద్యోగంలో ఉండగా మనిషి శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితికి వస్తే దానికి వేరే పెన్షన్ ఉంది. పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. 58కి ముందు తీసుకుంటున్నారని కోత ఉండదు. అశక్తత వచ్చిన మర్నాటి నుంచే లెక్క, బతికున్నన్నాళ్లూ వస్తుంది. ఆయన తరువాత అమ్మకు అందులో సగం వస్తుంది. మా అక్క కొడుక్కి ఇలాగే వచ్చింది, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

హిందూపురం రవ్వ:
నేను చెప్పిందీ అదే కదా. దివ్యాంగుల కార్డు తీసుకోండి, 40 శాతం ఉంటే చాలు.

యలహంక మావయ్య:
లేదు బాబూ, ఇక్కడే అందరూ పొరపడతారు. 40 శాతం అనేది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం దివ్యాంగుల గుర్తింపుకు. అది ఉండటం మంచిదే, బస్ పాస్ దగ్గర్నుంచి దేనికైనా పనికొస్తుంది. పీఎఫ్ వాళ్లు చూసేది వేరు. ఆయన చేస్తున్న పనికి, అంటే లేత్ ఆపరేటర్ పనికి, శాశ్వతంగా పనికిరారా లేదా అన్నది వాళ్ల మెడికల్ బోర్డు చూసి చెప్పాలి. చెయ్యి 60 శాతం పోయిందా, 80 శాతమా అన్నది కాదు అక్కడ ప్రశ్న.

రిటైర్డ్ ఫోర్‌మన్:
ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, మర్చిపోయారు మీరంతా. పక్షవాతానికి జీతంలో 80 శాతం దాకా రెండేళ్లు ఇచ్చే పద్ధతి ఉంది. అది అడగండి.

దాసరహళ్లి అమ్మాయి:
జీతం 23,500 అంకుల్. 21,000 దాటాక ఈఎస్‌ఐ తీసేశారు. ఆసుపత్రి ఖర్చంతా మేమే పెట్టుకున్నాం.

పీఎఫ్ కాగితాలు:
సర్వీస్ హిస్టరీ తెరిచి చూడండి. మానేసిన కారణం అని ఏం రాశారు?

దాసరహళ్లి అమ్మాయి:
అదే ఇప్పుడు చూసి ఏడుపొస్తోంది అన్నా. రాజీనామా అని అర్థం వచ్చేలా ఉంది. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కంపెనీ నుంచి ఒకాయన వచ్చి, సెటిల్‌మెంట్ తొందరగా అవుతుందని చెప్పి ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. కుడి చెయ్యి లేవదు కదా, అమ్మ ఆయన ఎడమ బొటనవేలు పట్టుకుని ఇంక్ ప్యాడ్ మీద అద్దింది. అది రాజీనామా అని మాకు ఇవాళే తెలిసింది.

యలహంక మావయ్య:
భయపడకు తల్లీ. తేదీలు నీ వైపు ఉన్నాయి. పక్షవాతం ఫిబ్రవరి 11న, ఉద్యోగం మానేసినట్టు చూపించింది మార్చిలో. అంటే ఉద్యోగంలో ఉండగానే వచ్చింది. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్ భద్రంగా పెట్టు, ఏ అధికారి అడిగినా జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకో. మానేసిన కారణం మార్చడానికి జాయింట్ డిక్లరేషన్ అని ఉంది. మీరు పెట్టాలి, కంపెనీ ఒప్పుకోవాలి. శాశ్వత అశక్తత అని ఒక కారణం అందులోనే ఉంటుంది. కంపెనీలో గట్టిగా గొడవ పడకు, మర్యాదగానే అడుగు, కానీ రాతపూర్వకంగా అడుగు.

లెక్కల మాస్టారు:
నేను కోతతో వేసిన లెక్క వెనక్కి తీసుకుంటున్నాను. 6,500 విషయం కూడా నిజమే, నేను మర్చిపోయాను. ఇప్పటి తొమ్మిదేళ్లకే అయితే 1,929 వస్తుంది. పాత ఎనిమిదేళ్లు కలిస్తే ఇంకో 743, మొత్తం 2,670 చిల్లర. ఏడు వందలు చిన్నదేం కాదు, ఆ పాత కాగితం కోసం ఇల్లంతా వెతకండి.

కోరమంగల వాసి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నాకు 57, ఇంకా పనిలోనే ఉన్నాను. 58 దాటాక ఆగితే పెరుగుతుందంటారు, నిజమేనా?

లెక్కల మాస్టారు:
60 దాకా ఆగొచ్చు, ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. కానీ ఆరోగ్యం, ఇంటి అవసరం చూసుకోండి.

రిటైర్డ్ ఫోర్‌మన్:
ఆగినా ఆగకపోయినా కనీసం 7,500 ఇవ్వాలన్నదే అసలు విషయం. 2022 నవంబర్ 4 సుప్రీం కోర్టు తీర్పు తరువాత కూడా ఎక్కువ జీతం మీద పెన్షన్ కోసం మా బ్యాచ్ వాళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

పీఎఫ్ కాగితాలు:
ఫోర్‌మన్ గారూ, అది వేరే చర్చ.

రిటైర్డ్ ఫోర్‌మన్:
వేరే ఎలా అవుతుంది? ఆ పిల్ల తండ్రికి వచ్చేది రెండు వేల చిల్లర. దాంతో ఫిజియోథెరపీ ఎన్ని రోజులు?

దాసరహళ్లి అమ్మాయి:
ఇంకో సందేహం. ఇవాళ పొద్దున ఒక యాప్‌లో ముఖం స్కాన్ అడిగింది. కళ్లు మూసి తెరవమంటుంది. నాన్నకు కుడి రెప్ప పూర్తిగా పడదు. ఎనిమిదిసార్లు పట్టుకున్నాను ఫోన్, ప్రతిసారీ ఫెయిల్. ఆయనకు మొహం చిన్నబోయింది, నాకూ చేతులు వణికాయి. రేపు ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కు కూడా ఇదే కావాలా?

యలహంక మావయ్య:
అక్కర్లేదమ్మా. ఎడమ చేతి వేలిముద్రతో కూడా ఇవ్వొచ్చు, కంటి పాపతో కూడా. పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి తీసుకునే ఏర్పాటు ఉంది. నవంబర్ దాకా ఆగక్కర్లేదు, ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. ఆయన్ని ఇక ఇవాళ ఇబ్బంది పెట్టకు.

దాసరహళ్లి అమ్మాయి:
అందరికీ ఒక మాట. ఇప్పుడే అమ్మ బీరువా పైన ఉన్న ట్రంకు పెట్టె దింపింది. ఊరి పాస్‌బుక్కుల మధ్య, ప్లాస్టిక్ కవర్లో, స్కీమ్ సర్టిఫికెట్ అని రాసిన కాగితం ఉంది. నాన్న ఫోటో అంటించి ఉంది, మీసాలు నల్లగా. మడతల దగ్గర కొంచెం చిరిగింది కానీ నంబర్లు కనిపిస్తున్నాయి. అప్పట్లో అత్త పెళ్లికి పీఎఫ్ డబ్బు మాత్రమే తీసుకున్నారట. నాన్నకు చూపిస్తే ఎడమ చేత్తో తడిమి చూసుకున్నారు.

పీఎఫ్ కాగితాలు:
లామినేషన్ చేయించొద్దు. 10డితో ఒరిజినల్ ఇవ్వాలి. ముందు రెండు జిరాక్స్‌లు తీసి పెట్టుకోండి.

యలహంక మావయ్య:
బంగారం లాంటి మాట చెప్పావు తల్లీ. 10డి ఆన్‌లైన్‌లో రాకపోయినా పర్వాలేదు, కాగితం మీద నింపి కంపెనీ సంతకంతో ఇవ్వొచ్చు. అమ్మా నాన్నలిద్దరి ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ కూడా పెట్టు. బ్యాంకు బెంగళూరులోదే కానక్కర్లేదు, 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకులోనైనా పెన్షన్ పడుతుంది.

దాసరహళ్లి అమ్మాయి:
సోమవారం లీవు పెట్టి ముందు కంపెనీకి, తరువాత పీఎఫ్ ఆఫీసుకు వెళ్తాను. థాంక్స్ అందరికీ. అన్నం తిని వస్తాను.

కోరమంగల వాసి:
నాకు కూడా ఒక పాత సర్టిఫికెట్ ఉండాలి, 1998ది. కంపెనీ ఇప్పుడు లేదు. అలాంటప్పుడు 10డి మీద సంతకం ఎవరు పెడతారు?

హిందూపురం రవ్వ:
అక్కా, సోమవారం ఏమైందో రాయండి. మా బాబాయిది కూడా ఇలాంటిదే.